సిండర్ అనే ఆంగ్ల పదానికి అసలు అర్థం, పుట్టుక

మీరు అడిగినవి రెండు విషయాలు. ‘సిండర్’ అనే ఆంగ్ల పదానికి ఇప్పటి నిఘంటువుల్లో కాలి చల్లారిన బొగ్గు పెళ్ల అనీ, బహువచనంలో బూడిద అనీ అర్థం కనిపిస్తోంది. లాటిన్‌లో బూడిదను ‘కినిస్’ అంటారు, చెత్తను కాల్చే యంత్రానికి ‘ఇన్సినరేటర్’ అన్న పేరు కూడా దాని నుంచే వచ్చింది. కాబట్టి సిండర్ కూడా ఆ లాటిన్ మాట సంతానమేనా అన్నది మొదటి ప్రశ్న. వెయ్యేళ్ల నాటి ఒక ఆంగ్ల పద్యంలో ఇదే మాట కత్తి అంచును వర్ణించే చోట ఎదురైందనీ, అక్కడ బూడిద అన్న అర్థం ఏ విధంగానూ పొసగడం లేదనీ, తెలుగు చేయాలంటే ఏ మాట వాడాలనీ మీ రెండవ ప్రశ్న. ఆంగ్ల భాషా చరిత్రను బోధించిన వాడిగా నాకు ఈ పదం మీద ప్రత్యేకమైన అభిమానం ఉంది. ఒక అక్షరం మారడం వల్ల ఒక పదం అర్థమే పక్కకు జరగడాన్ని ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణలు తక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. సిండర్‌కూ లాటిన్ కినిస్‌కూ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. సిండర్ అచ్చమైన జర్మానిక్ పదం, అంటే ఆంగ్లం, జర్మన్, డచ్చి పుట్టిన భాషా కుటుంబానిది. నార్మన్లు 1066లో ఇంగ్లండును జయించి ఫ్రెంచి భాషను వెంట తీసుకురావడానికి ఎంతో ముందే అది ఆంగ్లంలో ఉంది. అప్పట్లో దాన్ని ‘ఎస్’ (s) అక్షరంతో ‘సిందెర్’ అని రాసేవారు. దాని అర్థం బూడిద కాదు. ఇనుపరాయిని కరిగించినప్పుడు ఇనుము నుంచి విడిపోయి బయటికి వచ్చే గట్టి, నల్లని, గాజులాంటి వ్యర్థాన్ని ఆ పేరుతో పిలిచేవారు. మన కమ్మరులు చిట్టెం అనేది దాన్నే. ఆ పదానికి ఇప్పుడున్న ‘సి’ (c) అక్షరమూ, బూడిద అనే అర్థమూ రెండూ తర్వాతి కాలంలో, ఫ్రెంచి పదం ఒకదానితో పోలిక కుదరడం వల్ల వచ్చి చేరినవి.

పాత ఆంగ్లంలో ఈ మాట ఎలా ఉండేదో చూద్దాం. ఆంగ్లో సాక్సన్ (నార్మన్లకు ముందరి ఆంగ్లేయుల) మఠాలలో లాటిన్ చదువుకునే వారి కోసం తయారైన పదపట్టికల్లో లాటిన్ ‘స్కోరియా’కు ఎదురుగా ‘సిందెర్’ అని రాసి ఉంటుంది. స్కోరియా అంటే లోహం కరిగించగా మిగిలే మలం. గ్రీకులో మలానికి వాడే ‘స్కోర్’ అనే మాట నుంచి అది పుట్టింది. లాటిన్‌లో బూడిదకు కినిస్ అనే మాట సిద్ధంగా ఉండగా, ఆ పండితులు సిందెర్‌ను స్కోరియాకు జత చేశారంటే, వారి దృష్టిలో అది పొయ్యికి సంబంధించిన మాట కాదనీ, కొలిమికి సంబంధించినదనీ తేటతెల్లమవుతోంది. పొయ్యిలో మిగిలే బూడిదకు వారికి వేరే మాట ఉంది. అదే ఇప్పటి ‘యాష్’. ఈ రెండు మాటలూ ఒకదాని పని ఒకటి చేసేవి కావు.

మీరు ప్రస్తావించిన పద్యం ఎక్సెటర్ గ్రంథంలోనిది. 10వ శతాబ్ది రెండవ సగంలో రాసిన ఈ ప్రతిని 1072లో మరణించిన బిషప్ లియోఫ్రిక్ ఎక్సెటర్ కెథీడ్రల్‌కు ఇచ్చాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. అందులోని పొడుపు పద్యాల్లో, సంపాదకులు సాధారణంగా ఇచ్చే లెక్క ప్రకారం 26వ దానిలో, ఒక చర్మపత్రం తన కథ తానే చెప్పుకుంటుంది. శత్రువు నా ప్రాణం తీశాడు, నీళ్లలో నానబెట్టాడు, ఎండలో ఆరబెట్టాడు, నా వెంట్రుకలన్నీ ఊడిపోయాయి, ఆపైన కత్తి అంచు నన్ను కోసింది, వేళ్లు నన్ను మడిచాయి, పక్షి ఈక నా మీద అడుగుజాడలు వేసింది అని సాగుతుంది. విప్పు పవిత్ర గ్రంథం. ఆ కత్తి అంచుకు కవి వేసిన విశేషణమే ‘సిండ్రుమ్ బెగ్రుండెన్’. ‘బెగ్రుండెన్’ అంటే సాన పట్టినది, అరగదీసినది. ‘సిండ్రుమ్’ అన్నది సిందెర్‌కు బహువచనంలో తృతీయ, పంచమి లాంటి అర్థాలనిచ్చే రూపం. కనుక ‘చిట్టెపు తునకలన్నీ అరగదీయగా తేలిన అంచు’ అనీ చెప్పవచ్చు, ‘చిట్టెంతో సాన పట్టిన అంచు’ అనీ చెప్పవచ్చు. వ్యాకరణం రెండింటికీ చోటిస్తుంది. నా మట్టుకు నాకు మొదటిదే సరైనదనిపిస్తుంది. ఆ కాలపు ఇనుములో చిట్టెం తునకలు ఎప్పుడూ మిగిలే ఉండేవి. వాటిని పూర్తిగా పోగొట్టిన అంచు అంటే మేలిరకం అంచు అని అప్పటి శ్రోతకు వెంటనే తట్టేది.

అది ఎందుకు తట్టేదో తెలియాలంటే అప్పటి ఇనుప తయారీ తెలియాలి. స్వచ్ఛమైన ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఆనాటి మట్టి కొలుముల్లో తిత్తులతో ఎంత గాలి కొట్టినా మామూలుగా ఆ వేడి చేరేది కాదు. అయితే ఇనుము ద్రవంగా మారకుండానే ఖనిజం నుంచి విడిపడుతుంది. కట్టెబొగ్గు మండగా వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ప్రాణవాయువును లాగేస్తే, ఘనరూపంలోనే ఉన్న ఇనుప రేణువులు ఒకదానికొకటి అంటుకుని స్పాంజిలా ముద్ద కడతాయి. ఖనిజంలో ఉన్న ఇసుక, మట్టి మాత్రం ఇనుప ఆక్సైడ్‌లో కొంత భాగాన్ని కలుపుకుని దాదాపు 1200 డిగ్రీల దగ్గరే కరిగి కిందికి కారతాయి. చల్లారాక అది నల్లగా, బరువుగా, పై భాగం తాళ్లు పేనినట్టు మెలికలు తిరిగి కనిపిస్తుంది. ఖనిజశాస్త్రంలో ఫయలైట్ అనే పేరున్న ఇనుప సిలికేట్ అందులో ప్రధానం. అదే సిందెర్. కొంత కిందికి కారిపోయినా, మరికొంత ఇనుప ముద్ద రంధ్రాల్లో చిక్కుకుని ఉంటుంది. ముద్దను ఎర్రగా కాల్చి సమ్మెటతో మళ్లీ మళ్లీ కొడితే ఆ చిక్కుకున్నది నిప్పురవ్వలతో బయటికి చిమ్ముతుంది. అంటే ఆంగ్లో సాక్సన్ కమ్మరి పనిలో సగం, ఇనుము నుంచి సిందెర్‌ను వెళ్లగొట్టడమే.

ఈ నిప్పురవ్వల సంగతి భాషలో కూడా నిలిచింది. పాత నార్స్ భాషలో ‘సిందర్’ అంటే కొలిమి చిట్టెం. ‘సింద్ర’ అనే క్రియకు రవ్వలు చిమ్మడం అని అర్థం. స్కాండినేవియన్ పురాణాల్లో థోర్ దేవుడి సమ్మెటను చేసిన మరుగుజ్జు కమ్మరికి ‘సింద్రి’ అన్న పేరు ఉండడాన్ని కూడా ఈ మాటతోనే ముడిపెడతారు. పాత సాక్సన్‌లో ‘సిందెర్’, పాత ఉన్నత జర్మన్‌లో ‘సింతార్’, డచ్చిలో ‘సింటెల్’, ఇప్పటి జర్మన్‌లో ‘సింటర్’. ఈ భాషలన్నిటిలోనూ ఇదే మాట ఇదే అర్థంతో, మొదట ‘స’ ధ్వనితోనే ఉండడం వల్ల, ఆంగ్లేయులు దీన్ని ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదనీ, ఈ జాతులన్నీ ఒకే భాష మాట్లాడిన కాలం నుంచే ఇది వారితో ఉందనీ చెప్పగలం. జర్మానిక్ కుటుంబం దాటి చూస్తే, పాత చర్చి స్లావిక్ భాషలో గడ్డకట్టిన ఖనిజానికి, గుహల్లో వేలాడే సున్నపు ఊడలకు వాడే మాట ఒకటి దీనికి బంధువు. ఇప్పటి క్రొయేషియా ప్లిట్విట్సే సరస్సుల దగ్గర నీటిలోని సున్నం పేరుకుని సహజమైన ఆనకట్టలుగా మారిన రాతిని అక్కడివారు ‘సెద్ర’ అంటారు. చెక్ భాషలో జిప్సమ్‌ను కాల్చి చేసే పొడిని ‘సాద్ర’ అంటారు. వీటన్నిటి వెనుక ‘కారి గడ్డకట్టేది’ అన్న భావం ఉన్నట్టు భాషాశాస్త్రజ్ఞులు ఊహిస్తారు. చిట్టెం స్వభావం చూసినవారికి ఆ ఊహ చాలా సహజంగా తోస్తుంది: కరిగి కారడం, కారినది గట్టిపడడం, ఈ రెండే దాని లక్షణాలు. బూడిదకు ఈ రెండూ లేవు.

లాటిన్ వాదాన్ని తోసిపుచ్చడానికి మరో ఆధారం కూడా ఉంది, అది ధ్వనుల నడక. ప్రాచీన లాటిన్‌లో ‘సి’ అక్షరం ఎప్పుడూ ‘క’ ధ్వనినే ఇచ్చేది. ఆంగ్లో సాక్సన్లు తొలినాళ్లలో లాటిన్ నుంచి తెచ్చుకున్న మాటల్లో, ఆ ‘క’ తర్వాత ఇ, ఎ వంటి అచ్చులుంటే అది ఆంగ్లంలో ‘చ’గా మారింది. జున్నుకు లాటిన్ ‘కాసెయుస్’లోని ఆకారం ముందుగా ‘ఎ’ వైపు జరిగి, ఆపైన ఆ మాట ఆంగ్లంలో ‘చీజ్’ అయింది. పెట్టెకు లాటిన్ ‘కిస్త’ ఆంగ్లంలో ‘చెస్ట్’ అయింది. తెలుగువారికి ఈ మార్పు కొత్తది కాదు. కన్నడంలో కకారంతోనే ‘కివి’గా నిలిచిన మాట మనకు ‘చెవి’ అయినట్టే అక్కడా తాలవ్యాచ్చుల ముందు కకారం చకారమైంది. కినిస్ కూడా ఆ తొలి కాలంలోనే ఆంగ్లంలోకి వచ్చి ఉంటే ‘చ’తో మొదలయ్యే మాటగా నిలిచి ఉండేది. ‘స’తో మొదలయ్యే రూపం రావాలంటే ఫ్రెంచి మీదుగానే రావాలి, ఫ్రెంచి ప్రభావం బలపడేది 1066 తర్వాతే, కాని సిందెర్ అంతకు ముందే రాతలో ఉంది. కాలం పొసగదు, ధ్వని పొసగదు, అర్థమూ పొసగదు.

ఇక ఆ ఫ్రెంచి మాట సంగతి. లాటిన్ కినిస్‌కు ద్వితీయా విభక్తి రూపం ‘కినెరెమ్’. వాడుకలో మధ్య అచ్చు జారిపోయి నకార రేఫలు పక్కపక్కకు వచ్చాయి. ఆ రెంటినీ కలిపి పలకడంలో నాలుక సహజంగా ఒక ‘ద’ను మధ్యలో చేర్చింది. అలా ఫ్రెంచిలో బూడిదకు ‘సాంద్ర్’ అనే మాట ఏర్పడింది. అల్లుడికి లాటిన్ ‘గెనెరుమ్’ ఫ్రెంచిలో ‘జాంద్ర్’ అయింది, మెత్తనిదానికి ‘తెనెరుమ్’ అనేది ‘తాంద్ర్’ అయింది. అన్నిటిలోనూ అదే ‘ద’. ఫ్రెంచి మాటలోని దకారం కొత్తగా మొలిచినది, ఆంగ్ల సిందెర్‌లోని దకారం పుట్టుకతో ఉన్నది. రెండూ వేర్వేరు దారుల్లో నడిచి ఇంచుమించు ఒకే రూపానికి చేరాయి. ఇది కేవలం యాదృచ్ఛికం. భాషల్లో ఇలాంటివి అనుకున్నదానికంటే తరచుగా జరుగుతాయి. పోలికను చూసి చుట్టరికం కలపకూడదని మొదటి పాఠంలోనే చెప్పేది అందుకే.

నార్మన్ల తర్వాత మూడు శతాబ్దాల పాటు ఇంగ్లండులో చదువుకున్నవారి రాత మీద ఫ్రెంచి పద్ధతి బలంగా పడింది. ఇ, ఎ అచ్చుల దగ్గర ‘స’ ధ్వనికి ‘సి’ అక్షరం రాయడం ఫ్రెంచి అలవాటు. దాని ప్రభావంతో అచ్చ ఆంగ్ల పదాలు కూడా కొన్ని వేషం మార్చుకున్నాయి. మంచుగడ్డకు పాత ఆంగ్లంలో ‘ఈస్’ అని ఎస్‌తో రాసేవారు, అది ‘ఐస్’ అని సి తో స్థిరపడింది. ఎలుకకు పాత ఆంగ్లంలో ఉన్న ‘మూస్’ అనే మాట బహువచన రూపం ‘మైస్’గా మారి అదీ సి పుచ్చుకుంది. సిందెర్ విషయంలో ఈ రాత అలవాటుకు తోడు, సాంద్ర్ అనే ఫ్రెంచి మాట పక్కనే ఉండి దారి చూపింది. లాటిన్ వచ్చిన లేఖకుడికి, ఫ్రెంచి వచ్చిన పెద్దమనిషికి, ఈ మాట తమకు తెలిసిన బూడిద పదానికి పామర రూపమనిపించింది. వారు దాన్ని ‘సరిదిద్దారు’. ఎస్ తో రాసే రూపం వెంటనే చావలేదు. కొన్ని శతాబ్దాల పాటు రెండూ పక్కపక్కన నడిచాయి. చివరికి సి తో రాసేదే గెలిచింది.

పండితులు పొరబడి సరిదిద్దిన మాట ఇదొక్కటే కాదు. కొడవలికి పాత ఆంగ్లంలో ‘సీథె’ అని ఎస్ తో మొదలయ్యే మాట ఉండేది. లాటిన్‌లో కోయడానికి ‘స్కిందెరె’ అన్న క్రియ ఉంది కాబట్టి ఇది దాని నుంచే వచ్చి ఉంటుందని భావించి ‘సైథ్’ రాతలో ఎస్ పక్కన సి ని ఇరికించారు. ద్వీపానికి ఉన్న ‘ఐలండ్’ అనే ఆంగ్ల మాటలో పలకని ఎస్ కూడా ఇలాగే, లాటిన్ ‘ఇన్సుల’తో సంబంధమున్న వేరే ఫ్రెంచి మాటను చూసి చేర్చినదే. అయితే ఈ రెండింటిలోనూ రాత మారినా అర్థం మారలేదు. కొడవలి కొడవలిగానే, ద్వీపం ద్వీపంగానే ఉన్నాయి. సిండర్ విషయంలో మాత్రం కొత్త అక్షరం వెంట కొత్త అర్థం కూడా లోపలికి వచ్చింది. 16వ శతాబ్ది నాటికి అది చల్లారిన నిప్పులో మిగిలే కాలిన బొగ్గు ముక్క, ఇంకా వదులుగా చెబితే బూడిద అనే అర్థంలో ఇళ్లలో వాడే మాట అయింది.

దీనికి ఫ్రెంచి పోలిక ఒక్కటే చాలదని నా అభిప్రాయం. 16, 17 శతాబ్దాల్లో లండన్‌లో కట్టెల కొరత వల్ల ఇళ్లలో రాక్షసి బొగ్గు కాల్చడం విపరీతంగా పెరిగింది. కట్టె కాలితే మెత్తని తెల్ల బూడిద మిగులుతుంది. రాక్షసి బొగ్గు అలా కాదు. సగం కాలిన గట్టి పెళ్లలు, మట్టి కరిగి అంటుకున్న ఉండలు మిగులుతాయి. ఇనుప చిట్టెం చూసిన కంటికి అవి దాని చిన్న తమ్ముళ్లలా కనిపిస్తాయి. యాష్ అనే మాట వాటికి చాలదు. చిట్టెం గట్టిదనం, బూడిద పొయ్యి రెండూ కలిసిన ఆ కొత్త వస్తువుకు, అప్పటికే బూడిద వైపు ఒరిగిన ఈ పాత మాట సరిగ్గా సరిపోయింది. ఆ పెళ్లలకు విలువ కూడా ఉండేది. 19వ శతాబ్ది లండన్‌లో ఇంటింటి నుంచి తెచ్చిన పొయ్యి చెత్తను పెద్ద కుప్పలుగా పోసి, జల్లెడ పట్టి, సిండర్లను వేరుచేసి ఇటుక బట్టీలకు అమ్మేవారు. అవి ఇటుకల మధ్య ఇంధనంగా మండేవి.

సిండ్రెల్లా పేరు గురించి మీరు అడగలేదు, కాని అది ఈ చర్చకు బయటిది కాదు. షార్ల్ పెరో 1697లో అచ్చు వేసిన ఫ్రెంచి కథలో ఆ అమ్మాయి పేరు ‘సాంద్రియోఁ’. పనంతా అయ్యాక పొయ్యి మూల బూడిదలో కూర్చునేది కాబట్టి సాంద్ర్ నుంచి ఆ పేరు వచ్చింది. 1729లో రాబర్ట్ సాంబర్ ఆ కథలను ఆంగ్లంలోకి తెచ్చినప్పుడు ఆ పేరును ‘సిండెరిల్లా’ అని మార్చాడు. అర్థాన్ని చూసి అనువదిస్తే యాష్ అనే మాటతో పేరు కట్టాలి. జర్మన్‌లో అదే కథలోని ‘ఆషెన్‌పుటెల్’ అనే పేరు బూడిద మాటతోనే కట్టినది. కాని అప్పటికి ఆంగ్లంలో సిండర్ ఫ్రెంచి పదానికి కవలగా కుదురుకుపోయింది కాబట్టి, శబ్దమూ అర్థమూ రెండూ దక్కాయని సాంబర్‌కు తోచి ఉంటుంది. పాత ఆంగ్లం మాట్లాడిన మనిషి ఎవరైనా ఆ పేరు వింటే, కమ్మరి కొట్టంలో చిట్టెపు రాళ్ల మధ్య కూర్చున్న అమ్మాయి అనుకుని ఉండేవాడు.

ఇళ్లలో అర్థం మారినా, ఇనుము పనివారి నోట పాత అర్థం చెక్కుచెదరలేదు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. 19వ శతాబ్దిలోనూ ఆ తర్వాతా ఇనుప కర్మాగారాల్లో కొలిమి నుంచి కారే ద్రవాన్ని ‘ట్యాప్ సిండర్’ అనీ, సమ్మెట దెబ్బకు రాలేదాన్ని ‘హ్యామర్ సిండర్’ అనీ, చిట్టెం కలిపి తీసిన పోత ఇనుమును ‘సిండర్ పిగ్’ అనీ, బ్లాస్ట్ ఫర్నేసు (గాలి బలంగా ఊది ఇనుమును కరిగించే పెద్ద కొలిమి) నుంచి చిట్టెం బయటికి వదిలే రంధ్రాన్ని ‘సిండర్ నాచ్’ అనీ అనేవారు. వాళ్లు సి తో రాసినా, మనసులో ఉన్నది ఎక్సెటర్ గ్రంథం నాటి అర్థమే.

ఊళ్ల పేర్లలోనూ అది నిలిచింది. గ్లాస్టర్‌షైర్‌లో డీన్ అడవి అంచున సిండర్‌ఫర్డ్ అనే పట్టణం ఉంది. చిట్టెం పరిచిన వాగు దాటు అని ఆ పేరుకు అర్థం. 13వ శతాబ్ది పత్రాల్లోనే ఆ పేరు ఉంది. ఆ ప్రాంతంలో రోమన్ల కాలం నుంచీ ఇనుము తీశారు, గుట్టలుగా చిట్టెం పోశారు. నేను పైన చెప్పిన పాత పద్ధతిలో చిట్టెంలోకి చాలా ఇనుము పోయేది. దాని బరువులో సగం, కొన్నిసార్లు అంతకు మించి, ఇనుప ఆక్సైడే ఉండేది. 17వ శతాబ్దిలో నీటిచక్రంతో నడిచే పెద్ద తిత్తులున్న బ్లాస్ట్ ఫర్నేసులు అక్కడ పెరిగాక ఆ పాత చిట్టెం మళ్లీ ముడిసరుకైంది. ఆంగ్ల ఇంజనీరు ఆండ్రూ యారంటన్ 1677లో అచ్చయిన తన పుస్తకంలో, డీన్ అడవి ప్రాంతంలో రోమన్ల నాడు పారేసిన సిండర్ల నుంచి ఇప్పుడు ఇనుము తీస్తున్నారనీ, వారికి కాలితో తొక్కే తిత్తులు తప్ప లేవు కాబట్టి ఇనుమంతా తీయలేకపోయారనీ, ఇప్పుడు పెద్ద చక్రం నడిపే 20 అడుగుల తిత్తుల వల్ల అది సాధ్యమైందనీ వివరించాడు. ఆ వాక్యంలోని సిండర్లను బూడిద అని అనువదిస్తే మొత్తం అర్థరహితమవుతుంది. బూడిద నుంచి ఇనుము రాదు.

ఆగ్నేయంలో ససెక్స్, కెంట్ జిల్లాల వీల్డ్ ప్రాంతానిదీ ఇదే కథ. అక్కడ రోమన్ రోడ్లలో కొన్నిటిని ఇనుప చిట్టెంతోనే పరిచారు. హేస్టింగ్స్ దగ్గర బోపోర్ట్ పార్క్‌లోని బ్రహ్మాండమైన రోమన్ చిట్టెపు గుట్టను 19వ శతాబ్దిలో తవ్వి మళ్లీ రోడ్లకే వాడారు. 1844లో మారెస్‌ఫీల్డ్ మతాధికారి ఎడ్వర్డ్ టర్నర్ రోడ్డు పక్క మరమ్మతుకు పోసిన సిండర్ కుప్పలో రోమన్ కాలపు కుండపెంకును గమనించి, ఆ చిట్టెం ఎక్కడిదని వెతుక్కుంటూ వెళ్లడంతోనే అక్కడి రోమన్ ఇనుప పరిశ్రమ చరిత్రకారుల దృష్టికి వచ్చింది.

ఇదే మాట జర్మన్ వేషంలో ఆంగ్లంలోకి రెండవసారి కూడా వచ్చింది. వేడినీటి బుగ్గల చుట్టూ పేరుకునే ఖనిజాన్ని జర్మన్ గనివారు సింటర్ అనేవారు. 18వ శతాబ్ది చివర ఆంగ్ల భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని యథాతథంగా తీసుకున్నారు. తర్వాత లోహశాస్త్రంలో, పొడిని పూర్తిగా కరగనీయకుండా వేడితో ముద్దగా అతికించడానికి అదే మాట క్రియ అయింది. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఇనుప ఖనిజపు పొడిని బ్లాస్ట్ ఫర్నేసుకు తగిన పెళ్లలుగా మార్చే విభాగాన్ని సింటర్ ప్లాంట్ అంటారు కదా, ఆ సింటరూ సిండరూ ఒకే తల్లి బిడ్డలు. హైదరాబాద్‌లో ఇల్లు కట్టే మేస్త్రీలు స్నానాలగదిలో పల్లంగా వదిలిన స్లాబును బరువు తక్కువగా ఉండేందుకు ‘సిండర్’తో నింపుతామంటారు, అది బాయిలర్లలో కాలి మిగిలిన బొగ్గు పెళ్ల, అంటే 16వ శతాబ్దపు అర్థం. ఒకే రాష్ట్రంలో కాకపోయినా ఒకే భాష మాట్లాడే పనివారి నోట ఈ పదం రెండు రూపాలూ వినిపిస్తున్నాయి.

స్లాగ్, డ్రాస్ అనే మాటలతో దీన్ని కలగలపవద్దు. స్లాగ్ అన్నది 16వ శతాబ్దిలో దిగువ జర్మన్ నుంచి వచ్చింది, కొట్టడం అనే అర్థమున్న ధాతువుతో సంబంధమున్నది. ఇప్పటి శాస్త్ర గ్రంథాల్లో సిందెర్ పాత స్థానాన్ని అదే ఆక్రమించింది. డ్రాస్ పాత ఆంగ్లపు మాటే కాని, కరిగిన లోహం మీద తేలే తెట్టుకూ, అడుగున దిగే మడ్డికీ రెండింటికీ వాడేవారు.

ఇక మీ అనువాదం. మనకు చిట్టెం అనే చక్కని మాట ఉంది. బ్రౌన్ నిఘంటువులోనూ ఉంది, పల్లెల్లో ఇప్పటికీ పాత ఇనుప కొలుములున్న చోట దొరికే నల్లరాళ్లను చిట్టెపు రాళ్లనే అంటారు. ఆయుర్వేదంలో మండూర భస్మం చేసేది కూడా ఈ లోహకిట్టంతోనే. నూరేళ్లు దాటినది ఉత్తమమని రసశాస్త్రం చెబుతుంది. కాబట్టి 1066కు ముందరి పాఠం ఏదైనా, ఆ తర్వాతిదైనా ఇనుము పనికి సంబంధించినదైతే, చిట్టెం అనండి. 16వ శతాబ్ది తర్వాత ఇంటి పొయ్యికి సంబంధించిన చోట ‘కాలిన బొగ్గు పెళ్లలు’ అనండి. కవిత్వంలో సర్వం దహించుకుపోయిందన్న భావం ఉన్నప్పుడు మాత్రమే బూడిద అనండి. మీ పద్యంలోని పాదానికి నేనైతే ‘చిట్టెమంతా అరగదీసిన కత్తి వాదర నన్ను కోసింది’ అని రాస్తాను. ‘చిట్టెంతో సాన పట్టిన’ అన్న రెండవ అర్థాన్ని మీరు ఎంచుకుంటే అదీ తప్పు కాదు, కాని అలా ఎంచుకున్నారని పాదసూచికలో ఒక్క వాక్యం రాయండి.